దీవి ఆటలో సాయి అవ్వ

మా ఇంటి ఎదురుగా ఉన్న రేకుల షెడ్డులో పొద్దున ఏడింటికి కండెల మిషను మొదలవుతుంది. సిరిసిల్లలో మా వీధికి ఆ చప్పుడుతోనే తెల్లారినట్టు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, అడ్డపోగుగా పోయే నూలును ముందుగా చిన్న చిన్న కడ్డీలకు చుట్టాలి. వాటినే కండెలంటారు. మమతారాణి ఆ మిషను ముందు పద్దెనిమిదేళ్లుగా కూర్చుంటోంది. పన్నెండు కండెలు ఒకేసారి గిర్రున తిరుగుతుంటే, ఎక్కడ పోగు తెగినా ఆమె చెయ్యి అప్పటికే అక్కడ ఉంటుంది. మనతో మాట్లాడుతూనే ముడి వేసేస్తుంది. భర్త వెంకటి పక్క వీధిలో సాంచాలు నడుపుతాడు. ఒక్కడే కొడుకు, సాయిచంద్, ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు.

ఆమె పేరు ఇప్పుడు మంచిర్యాల నుంచి ఆదిలాబాద్ దాకా చాలామంది కుర్రకారుకు తెలుసు. అదెట్లా జరిగిందో చెబుతాను. కొంత నేను చూసింది, మిగతాది ఆమె, వెంకటి చెప్పగా విన్నది.

రెండేళ్ల కిందట సాయిచంద్ ఫోన్లో ఒక ఆటకు అలవాటు పడ్డాడు. దానికి ఇంగ్లీషు పేరేదో ఉంది కానీ మా వాడలో అందరూ దీవి ఆట అంటారు. ముగ్గురేసి జట్టుగా ఒక దీవిలో దిగుతారు. తుపాకులు ఏరుకుంటారు, పొదల్లో దాక్కుంటారు, ఎదురుపడ్డ జట్లను కాలుస్తారు. చివరిదాకా మిగిలినవాళ్లది గెలుపు. ఆడుతున్నంతసేపూ మాట్లాడుకోవచ్చు, ఎన్నడూ మొహం చూడని మనుషులతో కూడా. సాయిచంద్ అన్నం పళ్లెం ముందు పెట్టుకుని ఆడేవాడు, అన్నం ఎండిపోయేది. ఇంటర్ ఫస్టియర్‌లో లెక్కల పరీక్ష తప్పాడు.

వెంకటికి కోపం వచ్చి ఫోన్ నేలకేసి కొడతానన్నాడు. మమతారాణి అడ్డం పడింది.

“పలగ్గొడితే ఇంకొకని ఫోన్ల ఆడుతడు. అసలు అండ్ల ఏమున్నదో మనం సూడాలె గదా.”

కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, నాకూ నేర్పు అంది. వాడు పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే తన పాత ఫోన్లో ఆట ఎక్కించి, పేరు పెట్టాల్సిన చోట ‘సాయి అవ్వ’ అని కొట్టాడు, మా దగ్గర అవ్వ అంటే అమ్మే. మొదటి వారమంతా ఆమె దీవిలో దిగడం, దారి తెలియక నేరుగా సముద్రంలోకి నడిచి మునిగిపోవడం. రెండో వారం ఎవరినో కాల్చబోయి కొడుకునే కాల్చింది. మూడో నెల వచ్చేసరికి సాయిచంద్ దోస్తులు వాడికి ఫోన్ చేసి, “అరే, నువ్వు రాకున్నా మంచిదే, మీ అవ్వను పంపురా,” అనడం మొదలుపెట్టారు.

అది వాడికి భరించరానిదైంది. “అవ్వ ఉన్న జట్టుల ఎవడాడుతడు బాపూ? తిట్టరాదు, అరువరాదు. ఆటనా అది?” అని తండ్రి దగ్గర మొత్తుకున్నాడు. నెల తిరగకుండా దీవి ఆట వదిలేసి సాయంత్రం గ్రౌండుకు క్రికెట్‌కు పోవడం మొదలుపెట్టాడు. లెక్కలు కూడా సప్లిమెంటరీలో గట్టెక్కాయి. మాన్పించడానికి దిగిన తల్లి మాత్రం అందులోనే ఉండిపోయింది.

“వాని పిచ్చి పాయె, నీకు పట్టె,” అన్నాడు వెంకటి.

“నాకు పట్టలే. దినానికి మూడాటలు. నాలుగోది ఆడితే నన్నడుగు.”

ఆ మాట మీదే ఉంది. సాయంత్రం ఐదింటికి మిషను ఆపి, మొహం కడుక్కుని, చాయ్ తాగి, అరుగు మీద కూర్చుంటుంది. మూడాటలు కాగానే ఫోన్ మూసి బియ్యం ఏరడానికి లేస్తుంది. ఒకసారి నేనే అన్నాను, ఇయ్యాళ మంచి ఊపు మీదున్నవు, ఇంకోటి ఆడరాదా అని. “గెలిచినప్పుడే ఆపాలె సారూ,” అంది. “ఓడినంక ఆపుదమంటే ఎవ్వలతోటీ కాదు. ఓడినోడు పోయింది గుంజుకుందమని ఇంకింత ఆడుతనే ఉంటడు.” ఆటలో డబ్బులిచ్చి కొనుక్కునే సొగసులుంటాయి: తుపాకికి బంగారు రంగు, తలకు నెమలి టోపీ. ఆమె ఒక్కటి కూడా కొనలేదు. “తుపాకికి పూల అంగీ ఏంది? ఎవ్వని కంట్ల పడాల్నని?” ఆమె బొమ్మ మొదట ఇచ్చిన మట్టిరంగు చొక్కాతోనే ఇప్పటికీ దీవంతా తిరుగుతుంది. పొదల్లో అదే కనపడదంటుంది.

ఇక తిట్ల సంగతి. ఆడగొంతు వినబడితే చాలు, అవతలి నుంచి కొందరు పోరగాళ్లు నోటికి వచ్చింది మాట్లాడతారు. మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది, రెండు మూడుసార్లు ఏడ్చింది కూడా. తర్వాత ఒక ఉపాయం పట్టింది. ఎవడైనా నోరు జారితే, నెమ్మదిగా, “బిడ్డా, పక్కకు మీ అవ్వ ఉంటే జర ఫోన్ ఇయ్యి, ఒక మాట మాట్లాడేది ఉన్నది,” అనేది. చాలామంది ఆ మాటతో నోరు మూసుకునేవాళ్లు. ఒకడైతే ఆట మధ్యలోనే పారిపోయాడు. మరొకడు మాత్రం నిజంగానే ఇచ్చాడు. జగిత్యాల దగ్గరి పల్లెలో ఆ పిల్లాడి తల్లీ, మమతారాణీ పావుగంట మాట్లాడుకున్నారు. మిరప రేటు గురించి, మోకాళ్ల నొప్పుల గురించి. ఆ రోజు లెక్కలోకి రెండాటలే వచ్చాయి.

ఆమెకు నిలకడైన జట్టు కూడా అట్లా ఆటలో మాటల మీదే దొరికింది. శ్రేయది ఇచ్చోడ, ఆదిలాబాద్‌లో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది, ఇరవై ఏళ్ల పిల్ల. తారక్ ఉట్నూర్‌లో జీపు నడుపుతాడు, సవారీలు దొరకని వేళల్లో జీపులోనే కూర్చుని ఆడతాడు. శ్రేయ మొదట ‘ఆంటీ’ అంటే మమతారాణి ఒప్పుకోలేదు, చిన్నమ్మా అని పిలిపించుకుంది. తారక్‌కు ఆమె అక్క. ఏడాది పాటు ముగ్గురూ కలిసి ఆడారు, ఒకరి మొహం ఒకరు చూడకుండానే.

పోయిన వేసవిలో మంచిర్యాలలో మొబైల్ దుకాణం నడిపే దేవదాస్ అనే ఆయన దీవి ఆటకు పోటీ పెట్టాడు. మొదటి దశలు ఎవరి ఊళ్లో వాళ్లు ఆడాలి. చివరి మూడు జట్లు మంచిర్యాలకు వచ్చి, ఫంక్షన్ హాల్లో అందరి ముందు ఆడాలి. శ్రేయ పట్టుబట్టి ముగ్గురి పేర్లూ ఇచ్చింది. గెలుస్తూ గెలుస్తూ చివరి మెట్టు ముందు చెన్నూరు జట్టును ఓడించారు. ఆ జట్టు నాయకుడు విక్రాంత్. చెన్నూరులో భూపాల్‌రావు అనే ఆయన చిన్నకొడుకు. ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగం వెతుక్కుంటూ ఇంట్లో ఉన్నాడు. ఆ చుట్టుపక్కల వాడిని మించిన ఆటగాడు లేడని పేరు.

మర్నాడు పొద్దున పోటీ గ్రూపులో విక్రాంత్ ఒక వీడియో పెట్టాడు. అందులో సాయి అవ్వ అంత దూరం నుంచి, పొదలో ఉన్న మనిషిని ఒకే దెబ్బకు కాల్చింది. ‘పొదల ఉన్నోడు ఎట్ల కనిపిస్తడు? ఇది హ్యాక్. అసలు అది అవ్వనే కాదు, ఎవడో గొంతు మార్చి ఆడుతున్నడు’ అని రాశాడు. హ్యాక్ అంటే, గోడల వెనక, పొదల వెనక ఉన్నవాళ్లను కూడా చూపించే దొంగ ప్రోగ్రామును ఫోన్లో దాచుకుని ఆడటం. మూడువందల మంది ఉన్న గ్రూపు అది. సాయంత్రానికి ఎవరి నోటికొచ్చింది వాళ్లు రాశారు. కొందరు వెనకేసుకొచ్చారు, ఎక్కువమంది నవ్వారు. దేవదాస్ ఎటూ తేల్చుకోలేక, విచారణ అయ్యేదాకా సాయి అవ్వ జట్టును పక్కన పెట్టి, ఆ స్థానం చెన్నూరుకు ఇస్తున్నట్టు ప్రకటించాడు.

ఆ రోజు ఆమె ఐదింటికి మిషను ఆపి కూడా అరుగు మీదికి రాలేదు. నేను పోయి పలకరిస్తే, కండెల గంప ముందు కూర్చుని ఉంది.

“పద్దెనిమిదేండ్ల సంది సేటు నూలు తెచ్చి కండెలిస్తున్న సారూ, తూకంల ఎన్నడు తక్కువ రాలే. గిప్పుడు ఆటల దొంగనంటున్నరు.”

“పోనిస్తూ, ఆటే కదా,” అన్నాను నేను. అనకూడని మాట అన్నానని ఆమె మొహం చూడగానే అర్థమైంది.

“ఆటనే గదా అంటరు అందరు. ఆటల దొంగ అయితే మనిషి దొర ఎట్లయితడు?”

లేచి, ఫోన్ తీసుకుని, గ్రూపులో తన గొంతుతోనే చెప్పింది: “నేను మమతారాణిని. సిరిసిల్ల. కండెలు చుడుత. నా ఫోన్ల ఏదో ఉన్నదని మీకు అనుమానం ఉన్నది గదా. నా ఫోన్ వద్దు. మీ ఫోన్ మీరే ఇయ్యుండ్రి, మీ ముందటనే కూసొని ఆడుత. ఆడరాకపోతే దొంగనని మీరే రాసుకోండ్రి. ఆ చెన్నూరు బిడ్డను గూడ నా ఎన్కనే నిలబడి సూడుమనుండ్రి.”

దేవదాస్‌కు ఇంక కాదనడానికి ఏమీ మిగల్లేదు. ఆదివారం ఫైనల్‌కు ముందు పరీక్ష అన్నాడు.

ఆదివారం తెల్లారుతూనే ఆమె, వెంకటి కరీంనగర్ పోయి మంచిర్యాల బస్సెక్కారు. వెంకటి దీవి ఆట ఒక్కసారి కూడా చూడలేదు. దారంతా, “దొంగతనం నిరూపిస్తే జైల్ల పెడుతరా ఏంది?” అని అడుగుతూనే ఉన్నాడట. బస్టాండులో శ్రేయ, తారక్ ఎదురుచూస్తున్నారు. శ్రేయ గుర్తుపట్టలేక ముందు వేరే ఎవరికో దండం పెట్టి, తర్వాత మమతారాణిని వాటేసుకుంది. తారక్ ఆమెకంటే మూరెడు పొడుగు. “అక్కా, నీ గొంతును బట్టి నువ్వు ఇంకింత పెద్దగుంటవనుకున్న,” అన్నాడు.

హాల్లో రెండువందల మంది ఉన్నారు. దేవదాస్ కొత్త ఫోన్ పెట్టె అందరి ముందే విప్పి, ఆట ఎక్కించి ఆమె చేతికిచ్చాడు. వేదిక మీద తెర, ఒక ఎత్తైన కుర్చీ. మొదటి ఆట రెండు నిమిషాల్లో ముగిసింది. ఆ ఫోన్ మరీ పెద్దది, బొటనవేలు అందలేదు. తుపాకి తీయబోయి దూకుడు మీట నొక్కింది, గోడ మీద నుంచి దూకి ఎవరి ముందో పడింది. హాలంతా గొల్లుమంది. వెంకటి తల దించుకున్నాడు. విక్రాంత్ వెనకే నిలబడి ఉన్నాడు, నవ్వలేదు కానీ చేతులు కట్టుకున్నాడు.

“కుర్చీ వద్దు,” అంది మమతారాణి. “కింద కూసుంట.”

చెప్పులు విడిచి, వేదిక మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంది, మిషను ముందు కూర్చున్నట్టే. ఫోన్‌ను మోకాలికి ఆనించింది. రెండో ఆటలో దీవిలో దిగి కాసేపు ఎవరినీ కాల్చలేదు. ఊరికే తిరిగింది. హాలు గుసగుసలాడింది. ఒక గుట్ట మీద ఆగి, దూరంగా ఉన్న పొదల వరుస వైపు తుపాకి తిప్పి ఒక్కసారి కాల్చింది. పొదలోంచి మనిషి పడ్డాడు.

“ఎట్ల కనిపించింది?” అన్నాడు విక్రాంత్, అప్పటిదాకా పట్టుకున్న పంతం మరిచి.

“కనిపించలే. గా పొదలు సూడు బిడ్డా. గాలికి అన్నీ ఒక్క తీరుగ ఊగుతున్నయి. ఒక్కటి ఆగి ఆగి ఊగింది. మనిషి తగిలితేనే అట్లయితది. పన్నెండు కండెలల్ల ఒక్కటి తప్పితే నాకు తెల్వదా?”

విక్రాంత్ ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. మళ్లీ చూపించమన్నాడు. ఆమె ఇంకో ముగ్గురిని అట్లాగే చూపించి మరీ పడగొట్టింది. ఆట అయ్యాక అతనే మైకు తీసుకున్నాడు. “హ్యాక్ లేదు. గొంతు గూడ ఆమెదే. తప్పు నాది,” అన్నాడు. హాలు చప్పట్లు కొట్టింది. వెంకటికి ఏం జరిగిందో పూర్తిగా తెలియకపోయినా అందరికంటే గట్టిగా కొట్టాడు.

దేవదాస్ చెన్నూరు జట్టును తీసేయబోయాడు. మమతారాణి ఒప్పుకోలేదు. “ఆ పిలగాండ్లు బట్టలు ఇస్త్రీ చేసుకొని అచ్చిండ్రు. నాలుగు జట్లు ఆడుతే దీవి మునుగుతదా?” అంది. అట్లా నాలుగు జట్లతో ఫైనల్ మొదలైంది.

అరగంటకు దీవిలో ఇద్దరే మిగిలారు. ఈ పక్క మమతారాణి, ఆ పక్క విక్రాంత్. తెర మీద అందరికీ ఇద్దరూ కనబడుతున్నారు. ఆమె ఒక బండ వెనక ఉంది. విక్రాంత్ బొమ్మ బయటికి వచ్చి, మైదానం నడుమ ఉన్నట్టుండి ఆగిపోయింది. కదలదు, మెదలదు. ఆమె తల ఎత్తి చూసింది. ఎదురు బల్ల దగ్గర విక్రాంత్ ఫోన్ పైకెత్తి ఊపుతున్నాడు. నెట్ పోయింది.

“అక్కా, కొట్టు! ఇంకేం సూస్తున్నవ్!” అని అరిచాడు తారక్.

“ఆగు, ఆ పిలగాని నెట్ పోయింది.”

“పోతే పోనీ! మనకు పోతే ఎవ్వలాగిండ్రు?”

ఆమె తుపాకి దించింది. ఇరవై సెకన్లు, ముప్పై సెకన్లు. నెట్ వచ్చింది. విక్రాంత్‌కు తాను ఆగిపోయిన సంగతి తప్ప ఇంకేమీ తెలియదు, ఎదుట బండ అంచున శత్రువు తల కనబడింది. కాల్చాడు. సాయి అవ్వ పడిపోయింది. చెన్నూరు గెలిచింది.

తర్వాత పది నిమిషాలు ఆ హాల్లో ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. నెట్ చూసుకోవడం ఎవరి బాధ్యత వాళ్లదే, అదీ ఆటలో భాగమే అని కొందరు. నెట్ పోయి ఆగిపోయినవాణ్ణి కొట్టడం ఆట ఎట్లా అవుతుందని కొందరు. విక్రాంత్‌కు జరిగింది చెప్పగానే మొహం ఎర్రబడింది. కప్పు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

“ఇది మీది, తీసుకోండ్రి అమ్మా. లేకపోతే మల్ల ఆడుదం.”

“నువ్వు దొంగతనంగ గెలువలే. నేను ఆగిన, అది నా ఇష్టం. గెలుపు నీదే, తీస్కపో బిడ్డా.”

అందరూ ఆమెను మెచ్చుకున్నారు, శ్రేయ తప్ప. భోజనాల దగ్గర ఆ పిల్ల పళ్లెంలో అన్నం కెలుకుతూ కూర్చుంది. చివరికి కళ్లనీళ్లు పెట్టుకుని అడిగేసింది.

“చిన్నమ్మా, నీ ఇష్టమన్నవ్. మరి మేము? నేను రాత్రి పగలు మందిని బతిలాడి పేర్లిచ్చిన. తారకన్న మూడు దినాలు జీపు బంద్ పెట్టిండు. ఆయన కొట్టుమన్నడు. మమ్ముల ఒక్క మాట అడిగినవా?”

మమతారాణి ముద్ద పళ్లెంలో పెట్టేసింది. ఆ మాట తనకు అసలు తట్టలేదని ఆమే నాతో అంది. ఎదుటివాడికి అన్యాయం కాకూడదని చూసింది, పక్కవాళ్లను చూడలేదు.

“అడగలే బిడ్డా,” అంది. “అడగాల్సుండె. ఆగుడు తప్పంటే ఒప్పుకోను గని, అడగకుంట ఆగుడు తప్పే. మీకు నేను బాకీ పడ్డ.”

తారక్ మధ్యలో కలగజేసుకున్నాడు. “గిప్పుడు మాట అనుకుందం. ఇంకోసారి ఎవ్వనికన్న నెట్ పోతే ఏం చేయాలె?”

పెరుగన్నం తింటూ ముగ్గురూ వాదించుకున్నారు. తారక్ కాల్చాల్సిందే అన్నాడు. మమతారాణి ఆగాల్సిందే అంది. శ్రేయ లెక్క కట్టినట్టు, ఒక్క నిమిషం ఆగుదాం, ఆ పైన మన తప్పు లేదు అంది. అదే ఖాయం చేసుకున్నారు. పక్క బల్ల మీద నుంచి వింటున్న దేవదాస్ లేచి వచ్చి, ఆ నిమిషం మాట తన పోటీ నియమాల్లో రాసుకుంటానన్నాడు. విక్రాంత్ కూడా వచ్చి కూర్చున్నాడు. పొదల సంగతి అతనికింకా నమ్మకం కుదిరినట్టు లేదు, పెరుగన్నం అయిపోయేదాకా అడుగుతూనే ఉన్నాడు.

దసరా అయ్యాక ఆదిలాబాద్‌లో ఇంకో పోటీ జరిగింది. ఈసారి ఎవరూ వీడియోలు పెట్టలేదు. రెండో ఆటలో ఒక జట్టుకు నెట్ పోతే, గడియారం చూస్తూ నిమిషం ఆగమన్నది శ్రేయే. నిమిషం దాటగానే కాల్చమన్నదీ ఆమే. ఆ ఆట గెలిచారు, పోటీ కూడా గెలిచారు.

బహుమతిగా ఆటగాళ్లు కూర్చునే పెద్ద కుర్చీ ఇచ్చారు. ఎరుపూ నలుపూ, చక్రాలు, తలకింద దిండు, అన్నీ ఉన్నాయి. ముగ్గురికీ ఒకటే కుర్చీ. శ్రేయ ఉండేది హాస్టల్, తారక్ తనకు జీపు సీటే చాలన్నాడు. కాబట్టి చిన్నమ్మకే అని తీర్మానించారు. వెంకటి దాన్ని బస్టాండు దాకా తోసుకొచ్చాడు. కరీంనగర్ బస్సు కండక్టరు చుట్టూ తిరిగి చూసి, “ఇది సామానా, సీటా?” అని అడిగి, సామాను టికెట్ కొట్టాడు. బస్సు కిక్కిరిసి ఉంది. నడుమ దారిలో కుర్చీని తాడుతో కడ్డీకి కట్టారు. ఇచ్చోడ దాటేసరికి నిలబడ్డ ఒక ముసలమ్మ దాని మీద కూర్చుంది. నిర్మల్‌లో ఆమె దిగితే, చంటిపిల్లతో ఉన్న ఒకామె కూర్చుంది. ఆ తర్వాత ఎవరి తర్వాత ఎవరో వరుస వెంకటే చూసుకున్నాడు, మధ్యలో దూరబోయిన ఒకాయనను లేపి మరీ. మమతారాణికి మాత్రం కరీంనగర్ దాకా కిటికీ పక్కన మామూలు సీటే దొరికింది. ఫోన్ తియ్యలేదు, ఆ రోజుకు మూడాటలు ఎప్పుడో దాటిపోయాయి. చెద్దరు కప్పుకుని నిద్రపోయింది.